ఒక్క మెతుకు చాలునా?

కుండలోని అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన ఇండ్లలోని ఇల్లాండ్రందరును ఎరుగుదురు. బియ్యము ఒక్కటే, నీరు ఒక్కటే, నిప్పు ఒక్కటే. కాబట్టి ఒక మెతుకు చెప్పిన మాట కుండయంతయు చెప్పిన మాటయే. కాని మనుష్య శరీరములో పుట్టిన కంతి అన్నపుకుండ వంటిది కాదు. అందొక చోట మెత్తని క్రొవ్వు, వేరొక చోట గట్టి నార, ఇంకొక చోట చచ్చిన కండ ఉండవచ్చును. లోలోతున ఎక్కడనో రాచపుండు దాగి యుండవచ్చును. పైనుండి గిల్లి తీసిన చిన్న ముక్క నిజమే చెప్పును. కాని తన్ను గురించిన నిజమును మాత్రమే చెప్పును. వ్యాధిగ్రస్తమైన కణజాలమును సూక్ష్మదర్శినితో చదువుట వైద్యలోకమునకు నేర్పిన వారిలో అగ్రగణ్యుడు జర్మను శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్కో. ఆ చదువునకు గల హద్దు ఎక్కడనో లోకమునకు తెలియవచ్చినదియు ఆయన చేతిమీదుగా జరిగిన యొక పరీక్ష వలననే.

విర్కో 1821 అక్టోబరు 13వ తేదీన ప్రష్యా రాజ్యములోని పొమెరేనియా సీమలో షీఫెల్‌బైన్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ పట్టణము నేడు పోలండు దేశములో చేరియున్నది. తండ్రి సేద్యము చేయుచు, పట్టణపు కోశాధికారిగా కూడ పనిచేసెను. తలిదండ్రులకు ఇతడొక్కడే సంతానము. ధనికులు కాని కుటుంబములలోని తెలివిగల బాలురకు ఆ కాలమున బెర్లినులో సైనిక వైద్యవిద్యాలయము తోడ్పడుచుండెను. 1839లో విర్కో అందు ప్రవేశించెను. అచ్చట ఆయనకు లభించిన గురువు జొహానెస్ మ్యూలర్. సూక్ష్మదర్శినితో కంతుల నిర్మాణమును పరిశీలించి 1838లోనే గ్రంథము వ్రాసిన మహనీయుడు మ్యూలర్. శిష్యుని కన్ను ఆ దారినే పడుట సహజము. 1843లో విర్కో వైద్యపట్టమును పొంది, బెర్లినులోని ప్రసిద్ధమైన షారిటే ఆసుపత్రిలో శవపరీక్షల శాఖలో చేరెను.

రెండేండ్లయిన తరువాత, 1845లో, వంటపని చేసి జీవించిన యొక స్త్రీ శవమును పరీక్షించునపుడు ఆమె నెత్తురులో తెల్లకణములు విపరీతముగా పెరిగియుండుట ఆయన చూచెను. అదే సంవత్సరము ఎడింబరోలో బెన్నెట్ అను వైద్యుడు అటువంటి వ్యాధినే కనుగొని, నెత్తురులో చీము చేరినదని తలచెను. చీముకణములును తెల్లకణములును చూపునకు ఒక్క తీరుననే యుండును. కాని చీము పుట్టుటకు శరీరములో ఎక్కడనైన పుండు ఉండవలెను గదా. అట్టిది విర్కోకు కనబడలేదు. కావున తెల్లకణముల పెరుగుదలయే ప్రత్యేకమైన వ్యాధియని ఆయన నిర్ణయించి, తరువాత దానికి లుకేమియా అని పేరిడెను. కంటికి కనబడిన రూపమును శరీరము యొక్క తక్కిన సాక్ష్యముతో సరిచూచిన తరువాతనే వ్యాధికి పేరు పెట్టవలెను అను నియమము ఆ చిన్న వయస్సుననే ఆయనకు అలవడినది. కాళ్ళ సిరలలో గడ్డకట్టిన నెత్తురు విడివడి ఊపిరితిత్తులకు పోయి అడ్డుపడునని నిరూపించినవాడును ఆయనయే. 1847లో మిత్రుడు రైన్‌హార్ట్‌తో కలసి స్థాపించిన వైద్యపత్రిక నేటికిని ఆయన పేరుతోనే వెలువడుచున్నది.

1848లో ఎగువ సైలీషియా ప్రాంతమున టైఫస్ జ్వరము వ్యాపించి వేలకొలది బీదలు చనిపోయిరి. ప్రభుత్వము కారణము తెలిసికొనుటకై విర్కోను పంపెను. ఆయన మందుల జాబితా తేలేదు. దారిద్ర్యమును, అవిద్యయు, ప్రభుత్వపు నిర్లక్ష్యమును ఆ జ్వరమునకు మూలములని నివేదిక వ్రాసెను. ప్రజలకు విద్య, స్వాతంత్ర్యము, కడుపునిండ కూడు కావలెనని చెప్పెను. తిరిగివచ్చిన కొలది దినములకే బెర్లినులో విప్లవము చెలరేగగా తానును వీధిలో నిలిచెను. అందుకు ఫలితముగా 1849లో ఉద్యోగమునకు ముప్పు వాటిల్లగా, బవేరియాలోని వుర్జ్‌బర్గు విశ్వవిద్యాలయము ఆయనను ఆచార్యునిగా పిలిచి గౌరవించినది.

వుర్జ్‌బర్గులో గడపిన ఏడేండ్లలో ఆయన భావములు పరిపక్వమైనవి. జీవకణము నిర్జీవమగు ద్రవమునుండి తనంత తానే పుట్టునని అప్పటి పండితులు పెక్కురు నమ్ముచుండిరి. ప్రతి కణమును మరియొక కణమునుండియే పుట్టునని విర్కో 1855లో ప్రకటించెను. రాబర్ట్ రేమాక్ అను శాస్త్రజ్ఞుడు ఈ విషయమును అంతకుముందే చెప్పియుండెను; కాని దానిని వ్యాధుల కన్వయించి లోకమును ఒప్పించినవాడు విర్కో. 1856లో బెర్లిను ఆయనను గౌరవముతో తిరిగి పిలిచి, ఆయన కొరకు వ్యాధిశాస్త్ర మందిరమును నిర్మించెను. 1858లో అచ్చట చేసిన 20 ఉపన్యాసములు కణవ్యాధిశాస్త్రమను గ్రంథముగా వెలువడినవి. వ్యాధి యనగా శరీరమంతటను వ్యాపించిన దుష్టద్రవము కాదు, కణములలో కలిగిన మార్పు అని అందలి సారాంశము. నేటి వైద్యుడు కంతినుండి ముక్క తీయించి పరీక్షకు పంపుచున్నాడన్న, అందులకు పునాది ఆ గ్రంథమే.

కంతులనుగూర్చి ఆయన చేసిన కృషి మరియొక మహాకార్యము. చర్మమునకును ఎముకలకును నడుమ నుండు క్రొవ్వు, కండ, నార, రక్తనాళములు, నరముల పొరలు మొదలగువానిని మృదుకణజాలమందురు. వీనిలో పుట్టు కంతులు చూచుటకు ఒకదానివలె నొకటి యుండును. నడవడిలో మాత్రము ఒకటి సాధువు, మరియొకటి ప్రాణాంతకము. 1857లోనే తన పత్రికలో విర్కో ప్రమాదకరమగు క్రొవ్వుకంతుల నొక రోగియందు వర్ణించెను. జిగురువంటి పదార్థముతో నిండిన కంతికి మిక్సోమా అను పేరు ఆయన పెట్టినదే. 1863 మొదలు 1867 వరకు కంతులపై ఆయన ఉపన్యాసములు సంపుటములుగా వెలువడినవి. కాని కార్సినోమా అనబడు రాచపుండును గూర్చిన భాగము వ్రాయబడకయే నిలిచిపోయినది.

ఈ విషయమున విర్కో పొరపడెను. రాచపుండు కూడ సంయోజక కణజాలమునుండియే, అనగా అవయవములను కలిపియుంచు నారపొరనుండియే, పుట్టునని ఆయన విశ్వాసము. 1865లో టీర్ష్ అను శస్త్రవైద్యుడు చర్మపు రాచపుండ్లను పరిశీలించి, అవి పైపొరయగు ఉపకళనుండి పుట్టునని చూపెను. 1867లో వాల్డెయర్ అను యువ శాస్త్రజ్ఞుడు తక్కిన అవయవములలోను అట్లేయని స్థాపించెను. నేడు ఉపకళనుండి పుట్టినది కార్సినోమా యనియు, మృదుకణజాలమునుండి గాని ఎముకనుండి గాని పుట్టిన దుష్టకంతి సార్కోమా యనియు విద్యార్థులు మొదటి పాఠముననే నేర్చుకొనుచున్నారు. ఈ వాల్డెయర్ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను.

విర్కో ప్రయోగశాలకే పరిమితుడైనవాడు కాడు. 1859నుండి బెర్లిను నగరసభలో సభ్యుడై, మురుగునీటి కాలువల నిర్మాణమునకు హోబ్రెక్ట్ అను ఇంజనీరుతో కలసి పాటుపడెను. ప్రష్యా శాసనసభలో ఉదారవాదుల నాయకుడై ప్రధానమంత్రి బిస్మార్కును నిలదీయుచుండెను. 1865లో బిస్మార్కు కోపించి ద్వంద్వయుద్ధమునకు పిలువగా ఆయన నిరాకరించెను. జర్మనుల జాతిస్వచ్ఛతను గూర్చిన వాదములు చెలరేగినపుడు, పాఠశాలల ఉపాధ్యాయుల సహాయముతో సుమారు 67 లక్షలమంది విద్యార్థుల కన్నుల రంగును, జుట్టు రంగును, చర్మపు రంగును లెక్కింపజేసెను. 1886లో ప్రకటితమైన ఆ లెక్కలలో ఏ ప్రాంతమునను స్వచ్ఛజాతి కనబడలేదు. యూదుల పిల్లలలోను బంగారు రంగు జుట్టుగలవారు కనబడిరి. జాతి విషయమున నలుగురిని చూచి నాలుగు కోట్లమందిని గూర్చి తీర్పు చెప్పుట ఆయనకు సమ్మతము కాదు. కుండయంతయు కలియబెట్టి చూచిన పిమ్మటనే ఆయన మాట చెప్పెను.

అట్టివానికి మరుసటి సంవత్సరముననే కుండను చూచు వీలు లేక, మెతుకు మాత్రమే చేతికి వచ్చినది.

1887 జనవరిలో జర్మను యువరాజు ఫ్రెడరిక్‌నకు గొంతు బొంగురుపోయెను. ఆయనకు అప్పుడు 55 ఏండ్లు. తండ్రి విల్హెల్మ్ చక్రవర్తి 90వ ఏట పడుచున్న వృద్ధుడు. బ్రిటిషు రాణి విక్టోరియా పెద్దకుమార్తె యువరాజునకు భార్య. పార్లమెంటు పద్ధతులపై గౌరవముగల ఈ యువరాజు సింహాసనమెక్కినచో దేశము బిస్మార్కు బాటనుండి మరలునని ఉదారవాదులు ఎదురుచూచుచుండిరి. విర్కో ఆ పక్షమువాడే. మార్చి నెలలో గెర్‌హార్ట్ అను వైద్యుడు యువరాజు ఎడమ స్వరతంత్రిపై చిన్న బుడిపెను చూచి, దానిని కాల్చి తొలగింప పలుమారులు ప్రయత్నించెను. అది మరల పెరిగెను. మే నెలలో శస్త్రవైద్యుడు బెర్గ్‌మన్ అది రాచపుండనియు, గొంతు కోసి తొలగింపవలెననియు అభిప్రాయపడెను. గొంతులోని రాచపుండు కొరకు స్వరపేటికను పూర్తిగా తొలగించుట వియన్నాలో బిల్రోత్ మొదటిసారి చేసి అప్పటికి 14 ఏండ్లయినను నిండలేదు. ఇట్టి శస్త్రచికిత్సలలో ప్రాణాపాయము మిక్కుటము. బ్రతికినను కంఠస్వరము దక్కునన్న నమ్మకము లేదు.

ఆ సమయమున లండనునుండి గొంతువ్యాధుల నిపుణుడు మొరెల్ మెకంజీ మే 20న వచ్చెను. సూక్ష్మదర్శిని పరీక్షలో రాచపుండని తేలక కత్తి పెట్టరాదని ఆయన పట్టుపట్టెను. మరునాడే గొంతులోనికి చిమటా పంపి చిన్న ముక్కను తీసి విర్కోకు పంపెను. అది మిక్కిలి చిన్నది. అందు రాచపుండు కనబడలేదు. మే 23న రెండవమారు తీసిన ముక్కయు నిశ్చయముగా ఏమియు తేల్చలేదు. జూన్ 8న మరికొంత పెద్ద ముక్క వచ్చినది. విర్కో దానిని శ్రద్ధతో పరిశీలించి, అది పైపొర మందమై పులిపిరివలె పెరిగిన సాధువైన మార్పనియు, పరీక్షించిన భాగములో రాచపుండు లక్షణములు లేవనియు వ్రాసెను. దానితో పాటు మరియొక మాటయు చేర్చెను. తనకు వచ్చిన ముక్కలను బట్టి వ్యాధి మొత్తమును గూర్చి నిశ్చయముగా చెప్ప వీలుకాదని ఆ మాటకు తాత్పర్యము.

నివేదికలోని మొదటి మాటను అందరును వినిరి. రెండవ మాట ఎవరి చెవినిబడలేదు. విర్కో అంతవాడు రాచపుండు లేదన్నాడని రాజకుటుంబము ఊరడిల్లినది. శస్త్రచికిత్స నిలిచిపోయినది. జూన్ 21న లండనులో విక్టోరియా రాణి స్వర్ణోత్సవపు ఊరేగింపులో తెల్లని దుస్తులతో గుఱ్ఱమెక్కిన యువరాజును చూచి జనులు జయజయధ్వానములు చేసిరి. మెకంజీకి సర్ బిరుదము లభించెను. కాని నవంబరులో ఇటలీ తీరమున శాన్ రెమోలో యువరాజు గొంతున క్రొత్త వాపు కనబడగా, మెకంజీతో సహా వైద్యులందరును రాచపుండని ఒప్పుకొనిరి. 1888 ఫిబ్రవరి 9న శ్వాసకై గొంతుకు రంధ్రము చేయవలసి వచ్చెను. ఆ శీతకాలముననే విర్కో పురావస్తు పరిశోధకుడు ష్లీమన్‌తో ఈజిప్టు యాత్రకు పోయియుండగా, కఫములో వెలువడిన పదార్థమును మరియొక శాస్త్రజ్ఞుడు పరిశీలించి అందు రాచపుండు కణములను గుర్తించెను. ఆయనయే వాల్డెయర్.

మార్చి 9న వృద్ధ చక్రవర్తి మరణించెను. మాటాడలేని ఫ్రెడరిక్ చక్రవర్తియై, చెప్పదలచినది కాగితముపై వ్రాసి చూపుచు 99 దినములు పాలించి, జూన్ 15న కన్నుమూసెను. మరునాడు జరిగిన శవపరీక్షలో విర్కోయు వాల్డెయరును పాల్గొనిరి. స్వరపేటిక చాలవరకు నశించియుండెను, రాచపుండు స్పష్టమయ్యెను. ఇరువది యేండ్లకు పూర్వము సిద్ధాంతములో గురుతుల్యుని తప్పు దిద్దినవాడును, ఆ గురుతుల్యుడును ఒక్క బల్లయొద్ద నిలిచి ఒక్క సత్యమునే చూచిరి. 29 ఏండ్ల కుమారుడు రెండవ విల్హెల్మ్ రాజ్యమునకు వచ్చెను. తండ్రి బ్రతికియున్నచో ఐరోపా చరిత్ర వేరుగా నడచెడిదేమోయని చరిత్రకారులు నేటికిని తర్కించుచున్నారు.

తరువాత దోషము ఎవరిదను కలహము పుట్టినది. జర్మను వైద్యులు తమ పక్షమును ప్రకటించిరి. మెకంజీ ఆ సంవత్సరముననే పుస్తకము వ్రాసి వారిని నిందించెను. కొందరు విర్కోను తప్పుపట్టిరి. కాని నింపాదిగా విచారించినచో, ఆయన తన ముందున్న ముక్కను తప్పుగా చదివినట్లు చెప్పుటకు ఆధారము లేదు. బాగుగా పక్వమైన కణములతో పులిపిరివలె పెరుగు రాచపుండు ఒకటి కలదు. 1948లో అమెరికాలో అకర్మన్ అను వ్యాధిశాస్త్రజ్ఞుడు నోటిలో పుట్టు అట్టిదానిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించెను. దాని పైభాగమును ఎంత తీసి చూచినను సాధువుగానే తోచును. లోతున కణజాలమును త్రోసికొనిపోవు అంచును చూచినగాని దాని స్వభావము తెలియదు. యువరాజు వ్యాధియు ఈ తెగలోనిదై యుండవచ్చునని ఇటీవలి పండితులు కొందరు ఊహించుచున్నారు. లోపము చూపులో లేదు. తీసిన చోటులోను, విన్నవారి చెవిలోను ఉన్నది. రాచపుండు కనబడలేదనుట వేరు, రాచపుండు లేదనుట వేరు. ఈ రెంటికి నడుమ నున్న అంతరములోనే ఒక చక్రవర్తి ప్రాణము జారిపోయినది.

మృదుకణజాలపు కంతుల విషయమున ఈ పాఠము నేటికిని అత్యవసరము. ఇందు నూటికి పైబడిన తెగలున్నవి. సాధువులు అనేకములు, దుష్టములు అరుదు. కావుననే ఏమరుపాటు సులభము. పొట్ట వెనుక లోతున పెరిగిన పెద్ద క్రొవ్వుకంతినుండి సూదితో తీసిన ముక్కలో మామూలు క్రొవ్వే కనబడవచ్చును. దానిని చర్మము క్రింది సాధువైన క్రొవ్వుగడ్డగా భావించినచో మోసపోవుదురు. నేడు అట్టి చోట ఎమ్.డి.ఎమ్.2 అను జన్యువు ప్రతులు మితిమీరి పెరిగినవో లేదో పరీక్షించి సందేహము తీర్చుకొనుచున్నారు. దీనికి తలక్రిందులుగా మోసగించు కంతియు కలదు. ముంజేతిలోనో మరియొక చోటనో కొలది వారములలో బఠాణియంత మొదలై పెరుగును. సూక్ష్మదర్శినిలో కణములు త్వరత్వరగా విభజింపబడుచు సార్కోమావలె భయపెట్టును. నాడ్యులర్ ఫాసైటిస్ అనబడు ఇది సాధువు. తనంత తానే తగ్గిపోవుటయు కలదు. 1955లో దీనిని ప్రత్యేకముగా వర్ణించి, సార్కోమాగా భ్రమపడరాదని హెచ్చరించిరి. ఒకచోట శాంతరూపము మోసగించును, మరియొకచోట ఉగ్రరూపము మోసగించును.

ఈ మోసములను దాటుటకు మార్గము విర్కో జీవితములోనే కలదు. కంతి ఏ చోట నున్నది, ఎంత లోతున నున్నది, ఎంత పెద్దది, ఎన్ని దినములుగా పెరుగుచున్నది, రోగి వయస్సెంత అను సంగతులు ముక్కతోపాటు వ్యాధిశాస్త్రజ్ఞునకు చేరవలెను. తీసిన ముక్క కంతిలోని జీవించియున్న భాగమునకు తగిన ప్రతినిధి కావలెను. ఎక్స్‌రే, ఎమ్.ఆర్.ఐ. చిత్రములు చెప్పునది ఒకటియు, సూక్ష్మదర్శిని చెప్పునది మరియొకటియు నైనచో, రెండింటిలో నొకదానిని త్రోసివేయక మరల ముక్క తీయించి చూడవలెను. ఏదో ఒక్క రంగుపరీక్షను నమ్మి పేరు పెట్టరాదు. అరుదైన కంతియైనచో అనుభవజ్ఞుడగు మరియొకరికి చూపుట చిన్నతనము కాదు. ముక్క చాలదని వ్రాయుటయు ఒక రోగనిర్ణయమే. ఆ మాటను చదువు వైద్యుడు దానిని నివేదిక చివరనున్న అలంకారముగా భావింపరాదు.

విర్కోకు అన్ని విషయములలోను ఇట్టి నిదానము ఉన్నదనరాదు. బాలింతజ్వరము వైద్యుల చేతుల వలననే సంక్రమించునన్న సెమ్మెల్‌వైస్ మాటకు ఆయన ఆదరము చూపలేదు. 1872లో నియాండర్తల్ పుఱ్ఱెను పరీక్షించి, ప్రాచీన మానవునిదని ఒప్పుకొనక, వ్యాధులచే వికృతమైన ఎముకయని చెప్పెను. సంశయమును మానినచోటులనే ఆయన పొరపడెను. సంశయమును నిలుపుకొన్నచోటుల ఆయన మాట ఇప్పటికిని చెల్లుచున్నది.

శవమును పరీక్షించునపుడు ఒక్క అవయవమునైనను విడువక వరుసగా చూడవలెనని ఆయన 1876లో ప్రత్యేక గ్రంథము వ్రాసి శిష్యులకు నియమము చేసెను. రెక్లింగ్‌హౌసెన్, కోన్‌హైమ్, క్లెబ్స్ మొదలగు ఉద్దండులు ఆయనయొద్ద పనిచేసి పైకి వచ్చినవారే. 1899లో ఆయన తెరిపించిన వ్యాధిశాస్త్ర ప్రదర్శనశాలలో 23,000కు పైగా నమూనాలు చేరినవి. ఒక్కొక్క వ్యాధికి ఒక్క నమూనా చాలదనియు, దాని పలుదశలను పలురూపములను చూచిననే విద్యార్థికి కన్ను తెరచుకొనుననియు ఆయన ఉద్దేశము. 1902 జనవరిలో బెర్లిను వీధిలో కదలుచున్న ట్రాము బండినుండి దిగబోయి పడి తొడయెముక విరుగగా, మంచమెక్కి, సెప్టెంబరు 5న తన 80వ ఏట మరణించెను.

విర్కో పేరు నేడు పాఠ్యపుస్తకములలో కణసిద్ధాంతముతో ముడివడియున్నది. అది తగినదే. కాని ఆయన 1887 నాటి నివేదికలో చివర చేర్చిన ఆ చిన్న హెచ్చరికయు విద్యార్థులు నేర్చుకొనదగినదే. తెలిసినదానిని చెప్పుట పాండిత్యము. తెలిసినది ఎంతవరకో గీత గీసి చూపుట అంతకు మించిన పాండిత్యము. ఆ గీతను చదువగలవారు ఎదుట నున్నపుడే మొదటిది ప్రాణము కాపాడును.